సెగ పోయే దారి

జగ్గయ్యపేట,
ఆదివారం మధ్యాహ్నం.

పూజ్యులైన అత్తయ్యగారికి,

మీ పెద్దకోడలు రాజ్యశ్రీ నమస్కారాలు. ఇక్కడ మేమందరం క్షేమం. దసరా తరవాత రాసిన ప్రతి ఉత్తరంలోనూ ఈ మాట రాశాను గానీ అవన్నీ అలవాటుకొద్దీ రాసినవి. ఇవాళ కాస్త ఆగి, ఆలోచించి రాస్తున్నాను. సింధనూరులో మీరూ, వదినగారూ, అన్నయ్యగారూ, పిల్లలూ క్షేమమని తలుస్తాను.

ఈ రోజుల్లో ఉత్తరాలేమిటి, ఫోను చెయ్యరాదా అని వదినగారు మొన్న కూడా నవ్వారు. మీ చెవి మిషను సంగతి ఆవిడకి తెలియంది కాదు. చెవిలో ఈగ దూరినట్టుందని దాన్ని డబ్బాలో పెట్టి, డబ్బాని బీరువాలో పెట్టి, తాళం వేశారు. మీ అబ్బాయిలు ఫోను చేస్తే "ఆఁ, ఆఁ, సరే" అని పెట్టేస్తారు. అందుకని మన ఇద్దరికీ ఉత్తరాలే గతి. పైగా ఉత్తరమైతే మీ ఎర్ర పెన్సిలుకి పని ఉంటుంది. చందర్లపాడు బడిలో అన్నేళ్ళు పలకలూ నోటుబుక్కులూ దిద్దిన చెయ్యి కోడలి ఉత్తరాన్ని మాత్రం ఎందుకు వదులుతుంది. పోయినసారి నా ఉత్తరమూ, దాంతోపాటు పంపిన నా పుస్తకంలోని అధ్యాయమూ తిప్పి పంపినప్పుడు ఒత్తులు రెండు దిద్దారు, ఒక వాక్యం కింద రెండు గీతలు గీశారు. ఆ వాక్యం సంగతికి తరవాత వస్తాను.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. మీ మోకాళ్ళకి రాసుకునే నూనె జగ్గయ్యపేటలో దొరకలేదు. కాలేజీ నుంచి వచ్చేటప్పుడు నందిగామ బస్టాండు దగ్గర కొట్లో దొరికితే రెండు సీసాలు తీసుకున్నాను, ఈ ఉత్తరంతో పాటే వస్తున్నాయి. పెరట్లో కరివేపాకు చెట్టుకి చీడ పట్టిన మాట నిజమే. కొమ్మలు కొట్టించాను, మళ్ళీ చిగురు పెట్టింది. కృష్ణప్రియ చింతకాయ పచ్చడి పెట్టింది. ఉప్పు ఒక పిసరు ఎక్కువైంది, నేనన్నానని మాత్రం మీ చిన్నకోడలికి రాయకండి. ఇంటర్ పరీక్షలు నడుస్తున్నాయి గనక నాకు పాఠాలు లేవు, హాల్లో నిలబడి కాపలా కాయడమే. నిలబడి నిలబడి మీ నూనెలో సగం నాకే కావాలనిపిస్తోంది.

ఇంక మిగిలినవి రెండు ప్రశ్నలు. ఒకటి నా పుస్తకం గురించి. రెండోది మీరు ప్రతి ఉత్తరంలోనూ ఆఖర్న అడిగేది: "ఇంట్లో గొంతులు లేవడం లేదుగా?" దానికి నేను ప్రతిసారీ "లేదండి" అని రాశాను. ఈసారి ఆ జవాబు ఆఖర్న రాస్తాను. మీరు చివరి పేజీ ముందు తిప్పి చూసే రకం. ఈ ఒక్కసారికి వరసగా చదవండి.

పిల్లల కోసం నక్షత్రాల మీద నేను రాస్తున్న పుస్తకాన్ని ఈ ఇంట్లో చదివింది మీరొక్కరే. ఫిజిక్స్ చెప్పుకుని బతికేదానివి, రాయడం కూడానా అని మీ పెద్దబ్బాయి అంటారు గానీ ఒక్క పేజీ చూడరు. రెండో అధ్యాయం మీరు చదివి కింద "అర్థమైంది" అని రాశారు. ఆ కాగితం దాచుకున్నాను. సాంబ్రాణి పొగ గదంతా పాకుతుంది గానీ, పాకిన పొగ మళ్ళీ వెనక్కొచ్చి గిన్నెలో దూరదని అందులో రాశాను. చెదిరి ఉండడానికి పొగకి లెక్కలేనన్ని తీర్లు ఉంటాయి, ఒక్కచోట ఉండడానికి కొన్నే ఉంటాయి. ఆ తీర్లు ఎన్ని అన్నది చెప్పేదే ఎంట్రోపీ. లోకం మొత్తం మీద అది పెరుగుతుందే గానీ తగ్గదు.

మూడో అధ్యాయం దగ్గర మీరు పట్టుకున్నారు. ఆకాశంలో చెదిరి ఉన్న మబ్బు దానంతట అదే దగ్గరికి చేరి నక్షత్రమైందని రాశాను. "వెనక అధ్యాయంలో అన్నీ చెదురుతాయన్నావు. ఇందులో చెదిరినదే పోగయిందన్నావు. రెంటిలో అబద్ధం ఏది?" అని మార్జిన్లో రాశారు. తల్లి పిల్లల్ని ఒళ్ళోకి లాక్కున్నట్టు అని నేను రాసినదాన్ని కొట్టేసి, "పోలిక వద్దు. జరిగింది చెప్పు" అన్నారు. "గురుత్వాకర్షణ ఎంట్రోపీని ఓడించి నక్షత్రాన్ని తయారుచేసింది" అన్న వాక్యం నాకు చాలా ఇష్టమైనది. దాని కింద రెండు గీతలు గీసి అడిగారు: "ఎలా ఓడించింది? ఓడినది ఎక్కడికి పోయింది?"

మొదట నాకు కోపం వచ్చింది. ఎమ్మెస్సీ చదివినదాన్ని, ఇరవై ఏళ్ళుగా ఇదే చెబుతున్నదాన్ని. ఎర్ర గీతలు చూసుకుంటూ బస్సులో కూర్చుంటే నందిగామ వచ్చేలోపు కోపం పోయి సిగ్గు మిగిలింది. మీరు అడిగిన ప్రశ్న నా క్లాసులో ఇన్నేళ్ళలో ఒక్క పిల్ల అడగలేదు. పరీక్షలో రాదు గనక నేనూ అడగనివ్వలేదు.

రెండు అధ్యాయాలూ నిజమే అత్తయ్యగారూ. అబద్ధం ఆ "ఓడించి" అన్న మాటలో ఉంది.

పూజగదిలోని పొగలో ఒక రేణువు ఇంకో రేణువుని లాగుతుంది గానీ, ఆ లాగుడు ఉన్నా లేనట్టే. అంత తక్కువ. అదే చుక్కల మధ్య ఉండే మబ్బు, అంటే వానమబ్బు కాదు, చల్లటి వాయువూ ధూళీ కలిసిన మబ్బు, దాని ఒక కొస నుంచి రెండో కొసకి పోవడానికి వెలుగుకే ఏళ్ళు పట్టేంత పెద్దదైతే దాని బరువే దాన్ని లోపలికి లాగుతుంది. ప్రతి రేణువూ నడుమకి పడుతూ ఉంటుంది. పడేది వేగం అందుకుంటుంది. ఆ వేగంతో పడినవి ఒకదాన్నొకటి గుద్దుకుని అన్ని వైపులకీ కొట్టుకుంటాయి. అలా దిక్కూ తెన్నూ లేకుండా కొట్టుకోవడానికే వేడి అని పేరు. వేడెక్కిన వాయువు ఊరుకోదు, బయటికి తోస్తుంది. లోపలికి లాగే బరువుకీ బయటికి తోసే వేడికీ సరికి సరి అయితే పని అక్కడితో ఆగిపోతుంది. నక్షత్రం పుట్టదు. మబ్బు అలాగే కూర్చుని ఉంటుంది.

పుట్టాలంటే ఆ వేడి బయటికి పోవాలి. పోతుంది కూడా. మబ్బు దాన్ని కంటికి కనపడని వెలుగుగా వదిలేస్తుంది. వేడి పెనాన్ని ముట్టుకోకుండా పక్కన చెయ్యి పెడితే తగులుతుందే సెగ, అదే ఇది. దీన్ని పోలిక అని కొట్టేయకండి, రెండూ నిజంగా ఒకటే. సెగ పోయినకొద్దీ తోపుడు తగ్గుతుంది, మబ్బు ఇంకొంచెం లోపలికి పడుతుంది, పడ్డందుకు మళ్ళీ వేడి పుడుతుంది. మొదట్లో మబ్బు పల్చగా ఉంటుంది గనక పుట్టిన వేడి పుట్టినట్టే పోతుంది. నడుమ చిక్కబడ్డాక సెగకి దారి ఇరుకై నిదానిస్తుంది. అప్పటినుంచి పుట్టినదాంట్లో ఇంచుమించు సగం బయటికి పోతే సగం లోపల నిలుస్తుంది. అందుకే అది వేడిని పోగొట్టుకుంటున్నకొద్దీ ఇంకా వేడెక్కుతుంది. మన వంటింట్లో ఏ గిన్నే ఆ పని చెయ్యదు. అలా వేడెక్కి వేడెక్కి, చివరికి నడుమనున్న హైడ్రోజను కేంద్రకాలు ఒకదానిలో ఒకటి కలిసిపోవడం మొదలెడతాయి. అప్పుడు దాన్ని నక్షత్రం అంటాం.

ఇక ఓడినది ఎక్కడికి పోయిందన్నారు. మబ్బు ఇరుకు చోటికి చేరింది గనక దానివరకూ తీర్లు తగ్గిన మాట నిజం. వేడెక్కినందుకు కొన్ని పెరిగినా మొత్తం మీద తగ్గాయి. కాని దాన్ని వదిలిపోయిన సెగ ఉందే, అది ఆకాశమంతా పరుచుకుంది. మబ్బులో తగ్గినదానికంటే ఆ పరుచుకున్నదాంట్లో పెరిగింది ఎక్కువ. ఎవరూ ఓడలేదు. నేను నక్షత్రాన్ని చూస్తూ, దాన్నుంచి వెళ్ళిపోయినదాన్ని చూడకుండా రాశాను. ఆకర్షణ లాగుతుంది, నిజమే. వెళ్ళాల్సింది వెళ్ళకపోతే ఎంత లాగినా లాభం లేదు.

ఇంతా నాకు తెలిసిన పాఠమే. దాన్ని మీ ప్రశ్నకి సరిపడేలా చెప్పుకోవడానికి మాత్రం చాలా రోజులు పట్టింది. ఆ రోజుల్లోనే కల్లంలో ఒకటి జరిగింది. పోలిక వద్దన్నారు గనక పోల్చను. జరిగింది చెబుతాను.

మొదటినుంచి రాస్తాను. మీకు తెలిసినదే కదా అంటారేమో గానీ, మీకు ఎంతవరకు తెలుసో మాలో ఎవరికీ తెలియదు. దసరా వెళ్ళిన వారం అందరం భోజనాల దగ్గర ఉన్నాం. ముక్త్యాల రోడ్డు చేలో తన సగంలో మిర్చి మానేసి ఆయిల్ పామ్ వేస్తానని మీ చిన్నబ్బాయి వీరేంద్ర అన్నాడు. అలా వేయాలంటే చేను నడుమ గట్టు పడాలి. "అమ్మ ఉండగా ఆ చేలో గట్టు పడదు" అన్నారు మీ పెద్దబ్బాయి. "అయితే అమ్మ పోయేదాకా ఆగమంటావా" అన్నాడు వీరేంద్ర. అన్న మరుక్షణం తలకాయ కంచంలోకి దించుకున్నాడు. మీరు మజ్జిగన్నం కలుపుకుంటున్నారు. ఒకసారి తలెత్తి చూసి మళ్ళీ కలుపుకున్నారు. మీకు వినపడలేదని అన్నదమ్ములిద్దరూ అనుకున్నారు. నేను అనుకోలేదు. వెనక బెంచీ పిల్లల పెదాలు చూసి ఏం గుసగుసలాడుతున్నారో చెప్పే పంతులమ్మ మీరు.

మర్నాడు పొద్దున్నే సింధనూరులో ఉన్న అమ్మాయిని చూడాలనుందన్నారు. బస్సు దగ్గర నా చెయ్యి పట్టుకుని, "ఇల్లు చెదరనీకు రాజ్యం. గొంతులు లేవనీకు" అన్నారు. మీరు చెప్పింది చెప్పినట్టు చేశాను.

ఎలా చేశానో చెబితే మీరు నవ్వుతారు. ఆ రోజునుంచి అన్నదమ్ములు ఒకరితో ఒకరు మాట్లాడలేదు. మాటలన్నీ నా మీదుగా నడిచాయి. "స్టార్టరు వెయ్యడం కూడా చేతకాదు, మోటరు కాల్చిపెట్టాడు" అని ఆయన అంటే, వీరేంద్ర దగ్గరికి వెళ్ళి మోటరు బాగుచేయించాలట అని చెప్పేదాన్ని. "పెత్తనం చేసేవాళ్ళు చేనుకి కూడా రావాలి" అని అతనంటే, మిమ్మల్ని ఒకసారి చేను చూసి రమ్మంటున్నాడని ఆయనకి చెప్పేదాన్ని. అటు వేడీ ఇటు వేడీ నాలోనే ఉంచుకున్నాను. ఇంట్లో ఒక్క గొంతు లేవలేదు. నాకు నేనే భుజం తట్టుకున్నాను. ఒకరోజు బియ్యం ఏరుతూ కృష్ణప్రియ అంది: "అక్కా, ఈ ఇంట్లో ఎవరూ ఎవర్నీ ఏమీ అనరు. నాకు ఊపిరాడట్లా." దాన్ని కూడా ఎవరికీ చెప్పలేదు.

మొన్నామధ్య మిర్చి రెండో కోత కోయించారు. కల్లంలో కాయ సగం ఎండి సగం పచ్చిగా ఉండగా మబ్బు పట్టింది. మీ పెద్దబ్బాయి గబగబా రాశి చేయించి టార్పాలిన్ పట్టా కప్పించి, చుట్టూ రాళ్ళు పెట్టించారు. ఆ మర్నాడే ఆయన స్నేహితుడు వెంకటరత్నంగారికి విజయవాడలో ఆపరేషనైతే తోడుండడానికి వెళ్ళి అక్కడే ఉండిపోయారు. చినుకు పడలేదు. మబ్బు విడిచి ఎండ కాసింది. మామయ్యగారు పెట్టిన కట్టడి మీకు తెలుసు కదా: పట్టా ఎవరు కప్పితే వాళ్ళే తీయాలి. కింద కాయ ఏ మాత్రం పచ్చిగా ఉందో కప్పినవాడికే తెలుస్తుందని. ఆయన పోయాక కూడా మన కల్లంలో ఎవరూ దాన్ని దాటలేదు.

మీ పెద్దబ్బాయి విజయవాడ నుంచి ఫోను చేశారు. "ఎండ వచ్చిందిగా, వాణ్ణి పట్టా తియ్యమను. ఇది కూడా చెప్పాలా, కళ్ళు లేవా వాడికి?" అన్నారు. నేను మెత్తగా చెప్పడానికి మాటలు వెతుక్కుంటూ ఉండగానే వీరేంద్ర వచ్చి, "ఆయన కప్పింది ఆయనే తీసుకుంటాడు వదినా. నేను ముట్టుకుంటే నా వల్లే కాయ పోయిందంటాడు" అన్నాడు. అతని మాట విని ఆయన మాట మింగేశాను. అతను చల్లబడ్డాక చెబుదామనుకున్నాను. ఆయన మళ్ళీ చేస్తే చూసుకుంటున్నాంలెండి అన్నాను. రోజూ పొద్దున బస్సెక్కి నందిగామ వెళ్ళడం, సాయంత్రం వచ్చి ఇవాళ కాదు రేపు చెబుదాంలే అనుకోవడం. రాశి పట్టా కిందే ఉంది.

ఆయన వచ్చినరోజు శనివారం, నిన్నటిది కాదు, అంతకుముందుది. నాకు డ్యూటీ లేదు. నేరుగా చేనుకి వెళ్ళారని తెలిసి ఆటో ఎక్కి నేనూ వెళ్ళాను. అప్పటికే పట్టా తీశారు. ఆవిరి లేచింది. ఆ వాసన మీకు తెలుసు. చెయ్యి దూరిస్తే కాలింది. నడుమ కాయ అంతా రంగు పోయి తెల్లగా, బూజు పట్టి ఉంది. మీరు అడగకముందే రాస్తున్నాను: ఆ వేడి మబ్బు వేడి లాంటిది కాదు. పచ్చికాయకి ఇంకా ప్రాణం ఉంటుంది, ఊపిరి తీస్తుంది, ఆ తడికి బూజు పుడుతుంది, వాటివల్ల వచ్చిన వేడి. పుట్టడం వేరు. దారి లేక లోపలే ఉండిపోవడం మాత్రం నేను కళ్ళారా చూశాను.

రాశికి ఇటు ఆయన, అటు బోరు షెడ్డు నీడలో వీరేంద్ర. మధ్యలో నేను. "వాడికి చెప్పావా?" అన్నారు ఆయన నాతో. "ఆయన ఫోన్ చేశాడా వదినా?" అన్నాడు అతనూ నాతోనే. ఇద్దరికీ మధ్య దూరం పట్టా పరిచినంత. నా చేతికి ఇంకా ఆ వేడి తెలుస్తోంది.

అప్పుడు నేను మీ మాట తప్పాను అత్తయ్యగారూ. క్లాసులో మైకు లేకుండా పాఠం చెప్పే గొంతు నాది. "ఇద్దరూ వినండి" అన్నాను. ఆయన పట్టా గురించి ఏమన్నారో కళ్ళు లేవా అన్నదాంతో సహా చెప్పాను. అతను ఏమన్నాడో చెప్పాను. అక్కడితో ఆగలేదు. దసరా నుంచి నేను మెత్తబరిచిన మాటలన్నీ, స్టార్టరూ, పెత్తనమూ, అన్నీ అన్నవి అన్నట్టే, ఎవరివి వాళ్ళ ముందే అప్పజెప్పాను. ఒక్కటి వదల్లేదు. కూలీల మేస్త్రి గ్రేసీ నా వంక చూసి, "పదండమ్మా, మనం టీ తాగొద్దాం" అని ఆడవాళ్ళందర్నీ రోడ్డు వైపు తీసుకుపోయింది.

ఆపైన వాళ్ళిద్దరూ అరుచుకున్నారు. చిన్నప్పటివి కూడా లేచాయి, సైకిలు ఎవరు విరిచారన్నది కూడా వచ్చింది. నేను ఆపలేదు. ఆపాలని నోటిదాకా వచ్చింది, ఆపలేదు. చివరికి వీరేంద్ర గొంతు పగిలిపోయింది.

"అన్నా. అమ్మని ఆ మాట అన్నా. ఆ రోజు నుంచి నాకు ముద్ద దిగట్లా. నువ్వు ఆ పూటే నన్నొకటి కొట్టుంటే పోయేది. కొట్టలా. తిట్టను కూడా తిట్టలా. అమ్మ కూడా ఏమీ అనకుండా వెళ్ళిపోయింది."

ఆయన బూజు పట్టిన కాయ ఒకటి తీసి అవతల పారేశారు. తరవాత, "గట్టు పడితే నువ్వు అవతలోడివైపోతావని భయంరా నాకు" అన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో మీ పెద్దబ్బాయి నోట భయం అన్న మాట నేను వినడం అదే మొదలు.

అప్పుడేం కౌగిలించుకోలేదు. ఇద్దరూ ఎర్రబడ్డ కళ్ళతో చెరొకవైపు చూశారు. కాసేపటికి వీరేంద్ర వంగి రాశి అంచున బాగున్న కాయ వేరే తీయడం మొదలెట్టాడు. ఆయనా కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. గ్రేసీ వాళ్ళు తిరిగొచ్చి ఏమీ జరగనట్టు పక్కన చేరారు. పొద్దుగూకేదాకా ఏరాం. పోయింది పోగా కొంత దక్కింది.

ఇదిగో, మీ ఆఖరి ప్రశ్నకి జవాబు. ఇంట్లో గొంతులు లేస్తున్నాయి. రోజూ లేస్తున్నాయి. ట్రాక్టరు ఎవరు ముందు వాడాలన్నది ఇంకా తేలలేదు. నిన్న సాంబారు దగ్గర కూడా వాదించుకున్నారు. కాని ఒకే పూట, ఒకే వరసలో కూర్చుని వాదించుకుంటున్నారు. కృష్ణప్రియ మధ్యలో ఆయనకి ఎదురు చెప్పింది. ఆ పిల్ల మొహంలో రంగు వచ్చింది.

ఇంకా చెప్పాల్సింది ఉంది. చేలో గట్టు పడింది. మీరు ఉండగానే. తాడు పట్టుకుంది వీరేంద్ర, మొదటి పార మట్టి తీసింది మీ పెద్దబ్బాయి. ఇద్దరికీ కుదురు లేక గట్టు కాస్త వంకర వచ్చింది. బోరు ఒకటే, కల్లం ఒకటే, వంటిల్లు ఒకటే. చేను మటుకు రెండు. మీరు ఇల్లు చెదరనీకు అన్నారు. చెదరకూడదనే నేనూ అనుకున్నాను. అందుకే గొంతులు లేవనిచ్చాను. మీరు అప్పగించిన మాట తప్పాను గానీ, తప్పినందుకు బాధపడుతున్నానని రాస్తే అది మీకు నేను రాసే ఇంకో "లేదండి" అవుతుంది. బాధ లేదు. రేపు మళ్ళీ అలాంటిదొస్తే మళ్ళీ అదే చేస్తాను.

ఇంకొకటి కూడా దాచుకుంటే లాభం లేదు. మీ మీద నాకు కోపంగా ఉంది. ఈ ఇంట్లో నా పుస్తకం చదివే ఒక్క మనిషీ, నా వాక్యంలో అబద్ధాన్ని పట్టుకున్న ఒక్క మనిషీ మీరు. మీరే ఆరోజు ఏమీ వినపడనట్టు మజ్జిగన్నం తిని, లేచి, బస్సెక్కారు. ఆ కంచం దగ్గరే మీ చిన్నకొడుకు వీపు మీద ఒక్కటి వేసి ఉంటే అతను ఏడ్చేవాడు, మీరు ఏడ్చేవారు, అక్కడితో అయిపోయేది. మీరు చేసింది అది కాదు. మీ బాధ మీద పట్టా కప్పి, అది కదలకుండా నన్ను రాయిలా పెట్టి వెళ్ళారు. ఇది పోలికే. ఒప్పుకుంటున్నాను. కప్పినవాళ్ళే తీయాలన్నది ఈ ఇంటి కట్టడి. మీరు కప్పినది నేను తీయలేను.

మూడో అధ్యాయం మళ్ళీ రాశాను. ఈ కవరులో పెట్టలేదు. ఇక్కడ టేబుల్ మీద ఉంది. మీరు చదవందే అది బయటికి పోదు, పిల్లలు ఆగుతారు.

ఈ ఉత్తరం మీద స్టాంపు లేదని మీరు ఈపాటికి చూసే ఉంటారు. నూనె సీసాలూ ఉత్తరమూ మీ చేతిలో పెట్టిన మనిషి, మీరు చదవడం అయ్యేదాకా కూర్చోనని నాతో చెప్పి బయల్దేరాడు. ఎదురుగానే నిలబడి ఉండాలి. తలెత్తి అతని పెదాలు చూడండి అత్తయ్యగారూ. ఆరోజు అన్న మాట ఇంకోసారి మీ ముందు అని, మీ చేత తిట్లు తినడానికి వచ్చాడు. వినపడలేదని అనకండి. గొంతెత్తి తిట్టండి, సింధనూరు అంతా వినపడినా ఫరవాలేదు. తిట్టడం అయ్యాక ఇంత అన్నం పెట్టి, అతనితో కలిసి బస్సెక్కండి. ఎర్ర పెన్సిలు మర్చిపోకండి.

ఇట్లు,
మాట తప్పిన మీ పెద్దకోడలు,
రాజ్యశ్రీ.